తలుపే తెరుచుకోని గిడ్డంగికి లెక్కలు కట్టకండి: శీతల గిడ్డంగుల ఇంధన ప్రమాణాల సంఘాలకు బహిరంగ లేఖ

శీతల గిడ్డంగుల ఇంధన ప్రమాణాలను రూపొందించే సాంకేతిక సంఘాల గౌరవ సభ్యులకు, ప్రాజెక్టు నివేదికలను పరిశీలించి ఆమోదించే అధికారులకు,

నమస్కారాలు.

శీతల గిడ్డంగి కొత్తగా కట్టాలన్నా, ఉన్నదాన్ని విస్తరించాలన్నా, పాత యంత్రాలు మార్చడానికి రుణమో ప్రోత్సాహకమో కోరాలన్నా దరఖాస్తుతో పాటు విద్యుత్ వినియోగ సిమ్యులేషన్ (కంప్యూటర్‌లో గిడ్డంగి నమూనా కట్టి వేసే అంచనా) నివేదికను జతచేయమని అడిగే పద్ధతి పెరుగుతోంది. ఈ పద్ధతి మంచిదే. గోడ లేవకముందే ఆ గిడ్డంగి ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుస్తుందో అంచనా వేయగలగడం చిన్న విషయం కాదు. ప్యానెళ్లు బిగించి కంప్రెసర్లు దించిన తర్వాత మార్చలేని నిర్ణయాలను కంప్యూటర్ మీద ఎన్నిసార్లయినా మార్చి చూసుకోవచ్చు. అయితే ఇలాంటి నివేదికలు తయారుచేయడం, ఇతరులు చేసినవాటిని పరిశీలించడం వృత్తిగా ఉన్న నాకు ఒక విషయం మీ దృష్టికి తేవాలనిపించింది. చివరి పేజీలో ఉండే మొత్తం యూనిట్ల అంకెను అందరూ చూస్తున్నారు. ఆ అంకెకు ఆధారమైన వాడకపు వివరాలను మాత్రం అడిగేవారు తక్కువ. తలుపు రోజుకు ఎంతసేపు తెరిచి ఉంటుంది, సరుకు ఏ నెలలో ఎంత వస్తుంది, వచ్చేటప్పుడు ఎంత వేడిగా ఉంటుంది, గదిని చల్లబరిచే గొట్టాల చుట్ట అయిన కాయిల్ మీద పేరుకున్న మంచును ఎలా కరిగిస్తారు (డీఫ్రాస్ట్) అన్నవి అడగరు కాబట్టి రాయరు. రాయరు కాబట్టి ఆ గడులలో సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసుకున్న విలువలు గానీ, పాత నివేదిక నుంచి ఎత్తి అతికించిన విలువలు గానీ ఉండిపోతున్నాయి.

అందువల్ల నా వినతి ఇది. వాడకపు వివరాలన్నీ మామూలు మాటల్లో రాసి, గిడ్డంగిని నడపబోయే వారి సంతకంతో జతచేస్తేనే సిమ్యులేషన్ నివేదికను స్వీకరించండి. గిడ్డంగి ఒక ఏడాది నడిచాక ఆ నివేదికను మీటరు రీడింగులతో పోల్చి చూపడాన్ని తప్పనిసరి చేయండి. ఎందుకు అడుగుతున్నానో వివరించడానికే మిగిలిన లేఖ.

భవనాల ఇంధన సిమ్యులేషన్ ప్రధానంగా మనుషులు కూర్చుని పనిచేసే, నివసించే భవనాల కోసం పెరిగిన విద్య. బ్లాస్ట్, డీఓఈ-2 అనే పాత ప్రోగ్రాముల అనుభవంతో అమెరికా ఇంధన శాఖ తయారుచేయించి 2001లో విడుదల చేసిన ఎనర్జీప్లస్ అనే ప్రోగ్రాము కూడా ఆ వారసత్వంలోనిదే. ఆఫీసు భవనంలో కిటికీ అద్దాలు, పైకప్పు మీద ఎండ, లోపలి మనుషులు, దీపాలు లెక్కను నడిపిస్తాయి. అందువల్ల ఆ రంగంలో శిక్షణ పొందిన ఇంజనీరు కళ్లు సహజంగానే గోడ మందం మీద, పైకప్పు రంగు మీద పడతాయి. శీతల గిడ్డంగికి కిటికీలుండవు, మనుషులు కొద్దిసేపే ఉంటారు, గోడలన్నీ మందపాటి ఇన్సులేషన్‌తో ఉంటాయి. ఇక్కడ లెక్కను నడిపించేవి వేరు. ఈ సంగతి తెలిసే తర్వాతి కాలంలో ఆ ప్రోగ్రాములో శీతలీకరణకు ప్రత్యేక భాగాలు చేర్చారు. ఉదాహరణకు ఎనర్జీప్లస్‌లో ఒక వాక్-ఇన్ గదిని (మనిషి లోపలికి నడిచి వెళ్లగల శీతల గదిని) నిర్వచించేటప్పుడు తలుపు వైశాల్యం, ఎత్తు, ఏ గంటలో ఎంత భాగం తెరిచి ఉంటుందనే షెడ్యూలు, కొత్త సరుకుతో లోపలికి వచ్చే వేడి షెడ్యూలు, డీఫ్రాస్ట్ రకం, అది జరిగే వేళలు అన్నీ ఇచ్చేందుకు చోటుంది. లోపం పనిముట్టులో లేదు. పనిముట్టు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలన్న నియమం మన దగ్గర లేకపోవడమే లోపం.

ఆ జవాబు ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. గోడలు, పైకప్పు కలిపి 1,000 చదరపు మీటర్లున్న ఒక ఛాంబరును తీసుకుందాం. లోపల 2 డిగ్రీల సెల్సియస్. బయట 35 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం. చుట్టూ 100 మిల్లీమీటర్ల ఫోమ్ ప్యానెల్ ఉందనుకుంటే ఒక్కో చదరపు మీటరు గుండా, లోపలికీ బయటికీ ఉన్న తేడాలో ఒక్కో డిగ్రీకి, సుమారు 0.22 వాట్ల వేడి లోపలికి వస్తుంది. 33 డిగ్రీల తేడాకు మొత్తం కలిపితే దాదాపు 7.3 కిలోవాట్లు; రోజంతటికీ సుమారు 175 కిలోవాట్-గంటల (ఒక కిలోవాట్-గంట అంటే ఒక యూనిట్) వేడి. ఇది కంప్రెసర్ తోడిపారేయవలసిన వేడి, విద్యుత్తు కాదు. ఒక యూనిట్ విద్యుత్తుకు మూడు యూనిట్ల వేడిని తోడే యంత్రమైతే ఇందుకు 58 యూనిట్ల విద్యుత్తు పడుతుంది.

ఇప్పుడు అదే ఛాంబరుకు 2.5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఒక తలుపు పెట్టి, దాన్ని నేరుగా బయటి గాలిలోకి తెరుద్దాం. చల్లటి గాలి బరువైనది కాబట్టి కిందినుంచి బయటికి పారుతుంది, పైనుంచి వేడి గాలి లోపలికి దూరుతుంది. ఈ ప్రవాహాన్ని అంచనా వేయడానికి గాస్నీ, ఓలామా 1975లో ఇచ్చిన సూత్రమే నేటికీ ఆష్రే (అమెరికాలోని శీతలీకరణ, ఎయిర్ కండిషనింగ్ ఇంజనీర్ల సంఘం) రిఫ్రిజిరేషన్ హ్యాండ్‌బుక్‌లో ఆధారం. ఆ సూత్రంలో పై విలువలు వేసి, ప్రవాహం పూర్తి స్థాయిలో 80 శాతానికి చేరుతుందనుకుంటే, తలుపు బార్లా తెరిచి ఉన్నంతసేపూ సుమారు 240 కిలోవాట్ల వేడి లోపలికి వస్తూ ఉంటుంది. అంటే నాలుగు గోడల నుంచీ పైకప్పు నుంచీ 24 గంటల్లో వచ్చే వేడి ఆ ఒక్క తలుపు గుండా ముప్పావు గంటలో వచ్చేస్తుంది. ప్యానెల్ మందాన్ని 100 నుంచి 120 మిల్లీమీటర్లకు పెంచితే ఎంత ఆదా అవుతుందో దశాంశ స్థానాలతో సహా చూపించే నివేదికలో తలుపు గురించి ఒక్క వాక్యం కూడా లేకపోతే, ఆ దశాంశాలకు అర్థమేమిటో మీరే ఆలోచించండి.

ఆ 240 కిలోవాట్లలో సగానికి పైగా తేమదే. బయటి గాలి మోసుకొచ్చే నీటి ఆవిరిని చల్లార్చి నీరుగా, ఆపై మంచుగా మార్చడానికి పట్టే వేడి అది. పై ఉదాహరణలో తలుపు తెరిచి ఉన్న ప్రతి నిమిషానికీ 3 కిలోలకు పైగా నీరు ఆవిరి రూపంలో లోపలికి వస్తుంది. అందులో కొంత పొగమంచుగా కనిపిస్తుంది, కొంత సరుకు మీద, నేల మీద చెమటలా పడుతుంది, ఎక్కువ భాగం చివరికి కాయిల్ మీదికే చేరుతుంది. కేవలం గాలి ఉష్ణోగ్రతల తేడాతో తలుపు లెక్క ముగించిన నివేదిక ఇందులో సగాన్ని కూడా పట్టుకోలేదు. తేమను వదిలేసే ఏ నమూనానూ, ముఖ్యంగా ఉక్కపోత వాతావరణంలో కట్టే గిడ్డంగులకు, దయచేసి ఆమోదించవద్దు.

అదే తలుపును బయటికి కాకుండా 10 డిగ్రీల దగ్గర ఉంచిన యాంటీరూమ్‌లోకి (ఛాంబరుకు ముందుండే చల్లటి గదిలోకి) తెరిస్తే, అదే సూత్రం ప్రకారం 240 కిలోవాట్లు సుమారు 22 కిలోవాట్లకు పడిపోతాయి. యాంటీరూమ్‌కూ బయటి తలుపు ఉంటుంది, దాన్ని చల్లబరచడానికీ విద్యుత్తు కావాలి, కాబట్టి ఆ తేడా మొత్తాన్నీ ఆదాగా చూపించడం తప్పు. అయినా ఆ వేడిని 2 డిగ్రీల గది కాయిల్‌తో కాకుండా అంతకంటే వెచ్చటి కాయిల్‌తో తోడవచ్చు, తేమ కూడా చాలావరకు అక్కడే దిగిపోతుంది. ఇలాంటి నిర్ణయం డ్రాయింగు దశలోనే తీసుకోవాలి. తలుపు అంకె లేని సిమ్యులేషన్‌లో యాంటీరూమ్ అనేది పెట్టుబడిని పెంచే అనవసరపు గదిలా కనిపిస్తుంది. ఖర్చు తగ్గించుకోవలసి వస్తే ముందు కొట్టేసేది దాన్నే.

తలుపుకు ప్లాస్టిక్ పట్టీలతో వేలాడదీసే స్ట్రిప్ కర్టెన్ల గురించి కూడా ఒక మాట. చెక్కుచెదరకుండా వేలాడుతున్న కర్టెన్ చాలా వేడిని ఆపుతుందన్నది నిజం, సాఫ్ట్‌వేర్లు కూడా దానికి మంచి సామర్థ్యాన్నే ఇస్తాయి. కానీ ట్రాలీలు తగిలి పట్టీలు తెగిపోతాయి, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారికి ముందు కనిపించదని పట్టీలను పక్కకు కట్టేస్తారు. నివేదికలో కర్టెన్ ఉన్నట్టు రాసినవారు దాన్ని ఏడాదికి ఎన్నిసార్లు మారుస్తారో కూడా రాయాలని నేను కోరుతున్నాను. మార్చే ఉద్దేశం లేకపోతే కర్టెన్ లేనట్టే లెక్క కట్టాలి.

సరుకు విషయం ఇంకా పెద్దది. పై ఛాంబరులోకే 35 డిగ్రీల వేడితో 10 టన్నుల తాజా సరుకు వచ్చిందనుకుందాం. కూరగాయలు, పండ్ల వంటి నీరు ఎక్కువగా ఉండే సరుకు ఒక కిలోను ఒక డిగ్రీ చల్లబరచడానికి సుమారు 3.8 కిలోజౌళ్లు తోడాలి. 2 డిగ్రీలకు దించడానికి మొత్తం దాదాపు 348 కిలోవాట్-గంటలు, అంటే గోడల గుండా రెండు రోజుల్లో వచ్చే వేడి. అదే సరుకును వేరే చోట ముందే 10 డిగ్రీలకు చల్లార్చి తెస్తే 84 చాలు. తాజా సరుకు ఊపిరి తీసుకుంటూ తనలోంచి కూడా వేడిని వదులుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ వేడి రెండు మూడు రెట్లవుతుంది. కాబట్టి నెమ్మదిగా చల్లబడే సరుకు తన భారాన్ని తానే పెంచుకుంటుంది. ఇక గడ్డకట్టించే గదులైతే సరుకులోని ప్రతి కిలో నీటికీ అదనంగా 334 కిలోజౌళ్లు తోడాలి. ఆ లెక్కను నిల్వ గది లెక్కతో కలిపేయడం కూడా నేను చూశాను. ఏడాదికి ఇన్ని టన్నులు అని రాసి 365తో భాగించి రోజువారీ సగటు వేసే పద్ధతి ఇక్కడ అస్సలు పనికిరాదు. సరుకు పంటకాలంలో వరసగా కొన్ని వారాలు వస్తుంది, మిగతా నెలల్లో బయటికి పోతుంది. ఆ కొన్ని వారాల్లో యంత్రాలన్నీ పూర్తి బరువు (లోడు) మీద నడుస్తాయి, మిగిలిన కాలంలో సగం బరువు మీదో అంతకంటే తక్కువ మీదో నడుస్తాయి.

ఈ సగం బరువు సంగతే చాలా నివేదికల్లో కనిపించదు. మోటారు వేగం మార్చకుండా, జరిగే కవాటంతో (స్లైడ్ వాల్వు) సామర్థ్యం తగ్గించుకునే స్క్రూ కంప్రెసర్ సగం చలినిచ్చేటప్పుడు సగం విద్యుత్తుతో సరిపెట్టుకోదు, అంతకంటే గణనీయంగా ఎక్కువే లాగుతుంది. పంటకాలం కోసం ఎంచుకున్న పెద్ద యంత్రం ఏడాదిలో ఎక్కువ గంటలు తనకు అనువుకాని చోట నడుస్తుందన్నమాట. రెండు చిన్న యంత్రాలా, ఒక పెద్ద యంత్రమా, వేగం మార్చుకునే మోటారా అన్న ప్రశ్నకు జవాబు 8,760 గంటలూ విడివిడిగా లెక్కిస్తేనే వస్తుంది. ఏడాది మొత్తానికి ఒకే సగటు సామర్థ్యాన్ని గుణించిన నివేదికను సిమ్యులేషన్ అని పిలవడం న్యాయం కాదు. తోడిన వేడిని బయటికి వదిలే కండెన్సర్ వైపు కూడా ఇదే. బయట చల్లగా ఉన్న రాత్రుల్లో కండెన్సింగ్ ఉష్ణోగ్రతను కిందికి దిగనిస్తే ఒక్కో డిగ్రీకి కంప్రెసర్ విద్యుత్తు 2 నుంచి 3 శాతం వరకు తగ్గుతుంది. చాలా ప్లాంట్లలో మాత్రం హెడ్ ప్రెషర్‌ను (కండెన్సర్ వైపు ఒత్తిడిని) ఏడాది పొడవునా వేసవి స్థాయిలోనే కట్టిపడేస్తారు. నివేదికలో ఏది అనుకున్నారో, ప్లాంటులో ఏది అమర్చబోతున్నారో రెండూ ఒకటేనా అని ఎవరో ఒకరు అడగాలి.

శీతలీకరణ వాయువు ఎంపిక కూడా గంటల లెక్కకే తెలుస్తుంది. భూతాపాన్ని కార్బన్ డయాక్సైడ్ కంటే 3,922 రెట్లు పెంచగల ఆర్-404ఏ వంటి వాయువులను మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణ కింద ప్రపంచం తగ్గించుకుంటూ వస్తోంది. వాటి స్థానంలో అమోనియా, కార్బన్ డయాక్సైడ్ మళ్లీ ముందుకొస్తున్నాయి. కార్బన్ డయాక్సైడ్ సందిగ్ధ ఉష్ణోగ్రత (దాన్ని మించితే ఎంత ఒత్తిడి పెట్టినా వాయువు ద్రవంగా మారదు) 31 డిగ్రీలే కాబట్టి, వేడి మధ్యాహ్నాల్లో అది మామూలుగా ద్రవంగా మారదు, యంత్రం వేరే పద్ధతిలో, ఎక్కువ విద్యుత్తుతో నడవాలి. ఆ గంటలు ఏడాదిలో ఎన్ని, అవి సరుకు వచ్చే కాలంలోనే పడుతున్నాయా అన్నది తేల్చకుండా ఆ యంత్రాన్ని మెచ్చుకోవడమూ తిరస్కరించడమూ రెండూ తొందరపాటే.

మంచు దగ్గరికి వద్దాం. తలుపు గుండా వచ్చిన తేమ కాయిల్ మీద గడ్డకట్టి గాలి దారులను మూస్తుంది. గాలి తగ్గితే సక్షన్ ఒత్తిడి (కంప్రెసర్ వాయువును పీల్చుకునే వైపు ఒత్తిడి) పడుతుంది, సక్షన్ పడితే ఒక్కో డిగ్రీకి మళ్లీ 2, 3 శాతం విద్యుత్తు పెరుగుతుంది. అందుకని హీటర్లతోనో వేడి వాయువుతోనో మంచును కరిగిస్తారు. 100 కిలోల మంచు కరగడానికి నిజానికి అవసరమైనది 9.3 కిలోవాట్-గంటలే. హీటరు మాత్రం దానికి ఎన్నో రెట్లు వాడుతుంది. ఆ వేడి కాయిల్ లోహాన్ని, డ్రెయిన్ పళ్లేన్ని, చుట్టూ ఉన్న గాలిని కూడా వెచ్చబెడుతుంది, ఆ వేడినంతా మళ్లీ కంప్రెసరే బయటికి తోడాలి. మంచు ఉన్నా లేకపోయినా గడియారం ప్రకారం రోజుకు నాలుగుసార్లు డీఫ్రాస్ట్ చేసే గిడ్డంగికీ, మంచు పేరుకున్నప్పుడే చేసి, కాయిల్ ఉష్ణోగ్రత చూసి ఆపే గిడ్డంగికీ బిల్లులో తేడా ఉండి తీరుతుంది. తలుపుకూ డీఫ్రాస్ట్‌కూ ఉన్న ఈ బంధాన్ని నమూనాలో తెంచేసి, రెండింటినీ వేర్వేరు స్థిర అంకెలుగా రాస్తే, తలుపును బాగుచేసినందువల్ల డీఫ్రాస్ట్‌లో కలిసొచ్చే ఆదా కనిపించకుండా పోతుంది.

గదిలోని కాయిల్ మీదుగా గాలిని తోసే ఎవాపొరేటర్ ఫ్యాన్లది క్లుప్తంగా చెబుతాను. రాత్రీపగలూ తిరిగే 1 కిలోవాట్ ఫ్యాన్ ఏడాదికి 8,760 యూనిట్లు వాడుతుంది. అది గదిలోనే వేడిగా మారుతుంది కాబట్టి తోడడానికి మరో 2,900 యూనిట్లు పడతాయి. ఫ్యాన్ శక్తి వేగపు ఘనంతో మారుతుంది, అంటే వేగాన్ని సగం చేస్తే శక్తి ఎనిమిదో వంతుకు దిగుతుంది. సరుకు చల్లబడిన తర్వాత ఫ్యాన్ల వేగం తగ్గించుకునే వీలును ఏ నివేదికైనా పరిశీలించకుండా వదిలేసిందంటే తేలికగా దొరికే ఆదాను వదిలేసినట్టే.

ఇన్సులేషన్‌ను నేను తక్కువ చేయడం లేదు. నా అభ్యంతరం కొత్త ప్యానెల్ కేటలాగు విలువను 20 ఏళ్ల గిడ్డంగికి వాడడం మీదే. ఫోమ్ కంటే నీరు సుమారు 26 రెట్లు, మంచుగడ్డ సుమారు 100 రెట్లు వేడిని ఎక్కువగా ప్రసరింపజేస్తాయి. వెచ్చటి వైపు ఆవిరి నిరోధక పొర ఎక్కడైనా చిరిగితే, ప్యానెల్ అతుకుల దగ్గర సీలు ఊడితే, తేమ లోపలికి చేరి ఆ భాగం ఇన్సులేషన్‌గా పనికిరాకుండా పోతుంది. విస్తరణ ప్రాజెక్టుల్లో పాత ఛాంబర్లను థర్మల్ కెమెరాతో పరీక్షించి, వచ్చిన ఫలితాన్ని నమూనాలోకి ఎక్కించమని అడగడం పెద్ద భారమేమీ కాదు. ఫ్రీజర్ గదుల నేల కింద మట్టి గడ్డకట్టి పైకి ఉబ్బకుండా పెట్టే వేడి తీగలు, తలుపు చట్రాల హీటర్లు కూడా చాలాసార్లు లెక్కలోకి రావు; వాటికీ ఒక వరస కేటాయించండి.

రాత్రి చల్లబరిచి పగటి గరిష్ఠ వేళల్లో యంత్రాలను ఆపి ఉంచడం ద్వారా ఆదా చూపించే నివేదికలు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నాయి. సరుకు నిండిన గది చాలాసేపు చలిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఆలోచన సరైనదే. కానీ ఎనర్జీప్లస్‌లోని వాక్-ఇన్ నమూనా లోపలి ఉష్ణోగ్రతను ఒకే విలువ దగ్గర ఉందనుకుని లెక్కిస్తుంది. ఉష్ణోగ్రత కదలని నమూనా నుంచి, ఉష్ణోగ్రతను కదిలించడం వల్ల వచ్చే ఆదాను తీయడం కుదరదు. ఛాంబరును ఒక థర్మల్ జోన్‌గా (ఉష్ణోగ్రత మారగల గదిగా), సరుకు బరువును ఉష్ణం నిల్వ చేసుకునే ద్రవ్యరాశిగా పెట్టి, ఎయిర్ చిల్లర్‌తో (ఫ్యాన్, కాయిల్ ఉన్న యూనిట్‌తో) చల్లబరిచే పద్ధతిలో కట్టిన నమూనా మాత్రమే ఆ ప్రశ్నకు జవాబివ్వగలదు. పరిశీలించేవారు మొదట అడగవలసింది ఏ నమూనా వాడారన్నదే. దీన్ని అడగడం వల్ల ఎన్నో అతిశయోక్తి అంచనాలు మీ బల్ల మీదికి రాకుండానే ఆగిపోతాయి.

వాతావరణ ఫైలు గురించి కూడా నియమం అవసరం. ఒక్కో నెలను ఒక్కో సంవత్సరం నుంచి ఎంచి కూర్చిన సాధారణ సంవత్సరం సగటు బిల్లుకు సరిపోతుంది గానీ, తీవ్రమైన వేసవిలో ఆ గిడ్డంగి చలిని నిలబెట్టగలదా అన్నది చెప్పదు. బాగా వేడెక్కిన ఒక నిజమైన సంవత్సరంతో రెండోసారి నడిపి చూపమనండి.

ఇక కొలమానం. ఘనమీటరుకు ఏడాదికి ఇన్ని యూనిట్లు అనే లెక్క ప్రపంచమంతా వాడుకలో ఉంది, పోల్చడానికి సులువు. అయితే ఆ ఒక్క కొలమానంతోనే తరగతులు ఇస్తే రెండు అన్యాయాలు జరుగుతాయి. మొదటిది పరిమాణానిది. 10 మీటర్ల భుజంతో ఘనాకారపు గది కడితే ఒక్కో ఘనమీటరుకు 0.6 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది, 20 మీటర్ల భుజమైతే 0.3. చిన్న గిడ్డంగి ఎంత శ్రద్ధగా నడిపినా ఈ లెక్కలో పెద్దదానికంటే వెనకబడే ఉంటుంది. రెండోది వాడకానిది. ఏడాదిలో సగం కాలం ఖాళీగా, తలుపు మూసి ఉన్న గిడ్డంగికి అద్భుతమైన అంకె వస్తుంది. రోజూ సరుకు ఎక్కించి దించుతూ పదిమందికి పనికొచ్చే గిడ్డంగికి చెడ్డ అంకె వస్తుంది. ప్రమాణం ఖాళీతనాన్ని మెచ్చుకునేలా ఉండకూడదు. ఘనమీటరు లెక్కతో పాటు లోపలికి వచ్చి చల్లబడిన ప్రతి టన్నుకు ఎన్ని యూనిట్లు అన్నదీ, పరిమాణాన్ని బట్టి సవరణ కూడా తప్పక ఉండాలి.

మీటరుతో పోల్చడం గురించి. ఆష్రే గైడ్‌లైన్ 14 ప్రకారం నెలవారీ బిల్లులతో పోల్చినప్పుడు మొత్తం మీద పక్షపాత దోషం (అంచనా ఒకే వైపుకు, ఎక్కువకో తక్కువకో, ఒరగడం) 5 శాతం లోపు, నెలనెలా చెదిరే దోషం 15 శాతం లోపు ఉంటే నమూనా సరిపోలినట్టు. గంటల వారీగా అయితే ఆ హద్దులు 10, 30 శాతాలు. ఇవి మంచి హద్దులే, వీటినే తీసుకోవచ్చు. కానీ మొత్తం బిల్లు ఒక్కదానితో పోలిస్తే, తలుపును తక్కువగా, డీఫ్రాస్ట్‌ను ఎక్కువగా ఊహించిన నమూనా కూడా సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తుంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఒప్పుగా నిలబడతాయి. ఆ నమూనా ఆధారంగా మరో గిడ్డంగికి సలహా ఇస్తే అక్కడ రెండు తప్పులూ విడివిడిగా బయటపడతాయి. అందువల్ల కంప్రెసర్లు, కండెన్సర్ ఫ్యాన్లు, పంపులు, ఎవాపొరేటర్ ఫ్యాన్లు, డీఫ్రాస్ట్ హీటర్లు, దీపాలకు వేర్వేరు సబ్‌మీటర్లు కావాలి. ప్రతి తలుపుకూ అది తెరుచుకున్న సమయాన్ని నమోదుచేసే ఒక అయస్కాంత స్విచ్చి కావాలి. గిడ్డంగి మొత్తం పెట్టుబడి ముందు ఈ పరికరాల ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ, కట్టేటప్పుడే పెట్టించుకుంటే మరీ తక్కువ.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. తలుపు ఎంతసేపు తెరుస్తారో కట్టకముందే ఎలా చెప్పగలం అంటారు. ఒక్క అంకె చెప్పలేకపోవచ్చు, కానీ రోజుకు ఎన్ని వాహనాలు వస్తాయో, ఒక్కో వాహనాన్ని దించడానికి ఎంతసేపు పడుతుందో నడపబోయేవారికి తెలుసు. జాగ్రత్తగా నడిపితే ఇంత, నిర్లక్ష్యంగా నడిపితే ఇంత అని రెండు హద్దులు ఇవ్వమనండి. బిల్లు ఆ రెండింటి మధ్య ఎంత ఊగుతుందో తెలియడం కూడా విలువైన ఫలితమే. చిన్న యజమానులకు ఇది భారమవుతుందని మరికొందరు అంటారు. ఎనర్జీప్లస్ ఉచితంగా దొరుకుతుంది. అది కూడా అక్కర్లేదు, పైన నేను వేసిన లెక్కలు ఒక కాగితం మీద వేసినవే. చిన్న గదులకు సిమ్యులేషన్ మినహాయించి, ఈ వాడకపు పట్టికను, చేతి లెక్కను మాత్రమే అడిగినా నాకు అభ్యంతరం లేదు. నిజాయితీగా నింపిన ఒక పేజీ పట్టిక, ఆధారాలు చూపని 80 పేజీల రంగురంగుల నివేదిక కంటే మీకు ఎక్కువ చెబుతుంది. నడిపేవారి సంతకం ఎందుకని కూడా అడుగుతారు. డిజైన్ చేసిన ఇంజనీరు పట్టికను నింపి ఇచ్చేసి వెళ్లిపోతే, గిడ్డంగిని నడిపేవారికి అందులో ఏముందో ఎప్పటికీ తెలియదు. తమ గిడ్డంగి తలుపు రోజుకు గంటకు మించి తెరిచి ఉండదని తామే సంతకం చేసిన వారికి తెరిచి వదిలేసిన తలుపు కంటపడినప్పుడు కలిగే బాధ్యత వేరు.

ఏడాది తర్వాత పోల్చి చూసిన ఫలితాలను, యజమానుల పేర్లు తీసేసి, అందరికీ అందుబాటులో ఉంచమని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఎలాంటి గిడ్డంగిలో ఏ అంచనా ఎంత తప్పిందో తెలిస్తే తర్వాత లెక్కలు కట్టేవారు తమ విలువలను సరిచేసుకోగలుగుతారు. అంచనా తప్పినందుకు ఎవరినీ శిక్షించవద్దు. శిక్ష ఉంటుందంటే మీటరు రీడింగులు బయటికి రావడం ఆగిపోతుంది. పోల్చి చూపనివారికి మాత్రం ప్రోత్సాహకం తర్వాతి వాయిదాను నిలిపివేయవచ్చు.

పైన చెప్పినవన్నీ ఒకేసారి నియమాలుగా మారవని నాకు తెలుసు. కొలమానం విషయంలో, వాతావరణ ఫైలు విషయంలో ఇంకా చర్చ అవసరం, ఆ చర్చలకు పిలిస్తే లెక్కలతో సహా రావడానికి నేను సిద్ధం. తలుపుల, సరుకు రాకల, డీఫ్రాస్ట్ పట్టికకు మాత్రం ఏ చర్చా ఆటంకం కాదు. ప్రమాణాల తదుపరి సవరణ ముసాయిదాలో ముందుగా దాన్ని చేర్చండి. అప్పటివరకు వచ్చే నివేదికలను ఆ వివరాలు లేకపోతే ప్రశ్నలతో తిప్పి పంపే అధికారం పరిశీలించే ఇంజనీర్లకు ఒక ఉత్తర్వుతో ఇవ్వండి.

ఇట్లు,
భవదీయుడు,
శీతల గిడ్డంగుల విద్యుత్ లెక్కలు కట్టే ఒక ఇంజనీరు